సైరన్‌కూ పడకకూ మధ్య: సింగరేణి కథాసాహిత్యంలో లైంగిక సన్నివేశం

కథాసాహిత్యంలో లైంగిక సన్నివేశాలు అవసరమా అన్న ప్రశ్న తెలుగు విమర్శకు కొత్తది కాదు. నూరేళ్ళకు పైగా అది ఒకే రూపంలో వినిపిస్తోంది, ఒకే రూపంలో జవాబు పొందుతోంది. ఒక పక్షం సమాజశ్రేయస్సు పేరిట అక్కర్లేదంటుంది. మరొక పక్షం రచయిత స్వేచ్ఛ పేరిట ఉండితీరాలంటుంది. మొదటి పక్షం రచయిత శీలాన్ని తూస్తుంది, రెండవది రచయిత సాహసాన్ని తూస్తుంది. కథను తూచే తీరిక ఇద్దరికీ ఉండదు. ఏ కథలో, ఎవరి మధ్య, ఎలాంటి ఇంట్లో, ఏ వేళప్పుడు అని అడగకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పబూనడం నాడి చూడకుండా మందు రాయడం వంటిది.

అందువల్ల ఈ వ్యాసం ఆ ప్రశ్నను ఒక నిర్దిష్టమైన నేల మీద నిలబెట్టి అడుగుతుంది. ఆ నేల రామగుండం, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతం. వాదం ఇది: ఈ ప్రాంత జీవితాన్ని చిత్రించే కథకు కొన్ని సందర్భాల్లో లైంగిక సన్నివేశం తప్పనిసరి. ఆ సందర్భాల్లో దానిని దాటవేయడం సంస్కారం అనిపించుకోదు. అది సాక్ష్యాన్ని దాచడమే. దాచిన సాక్ష్యం ప్రధానంగా స్త్రీలది.

ముందుగా చరిత్రను ఒకసారి తలచుకోవాలి. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని రచించిన 'రాధికా సాంత్వనము'ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురించారు. ఆ కావ్యంలో శృంగారం మితిమీరిందని వీరేశలింగం 'కవుల చరిత్ర'లో అంతకు ముందే ఆక్షేపించి ఉన్నారు. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ప్రభుత్వ కాలంలో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ ముద్రించారు. ఈ వృత్తాంతాన్ని సాధారణంగా భావస్వేచ్ఛ గెలిచిన కథగా చెప్పుకుంటాం. నాగరత్నమ్మ లేవనెత్తిన అంశం అంతకంటె సూటిది. అదే పాటి శృంగారాన్ని పురుషకవులు రాసినప్పుడు పరిష్కర్తలకు పట్టని సిగ్గు, ఒక స్త్రీ రాసేసరికి ఎక్కడినుంచి వచ్చిందని ఆమె నిలదీశారు. అంటే శృంగారం ఎంత ఉందన్నది ఆనాటి తగవు కాదు. దానిని ఎవరి నోట వినవలసివచ్చిందన్నది తగవు. ఇది తెలుగు విమర్శ నేటికీ పూర్తిగా తీర్చుకోని బాకీ.

బాయి కాలం, ఇంటి కాలం

సింగరేణి ప్రాంతంలో గనిని 'బాయి' అంటారు. బాయిలో పని ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులుగా నడుస్తుంది. మనిషి వారానికొక షిఫ్టుకు మారుతుంటాడు. ఊరంతటికీ వినిపించే సైరన్ బాయిలో దిగేవాడికి మాత్రమే పిలుపు కాదు. ఇంట్లో పొయ్యి వెలిగే వేళ, పిల్లలు గొంతు తగ్గించుకోవలసిన వేళ, భార్య నిద్ర లేవవలసిన వేళ కూడా అదే నిర్ణయిస్తుంది. నైటు షిఫ్టు దిగివచ్చిన మనిషికి రాత్రి ఉదయం మొదలవుతుంది. అదే సమయానికి ఆమెకు పగలు మొదలై ఉంటుంది. సెకండు షిఫ్టు వారమైతే అతడు ఇల్లు చేరేసరికి సగం రాత్రి. ప్లే డే నాడు రెట్టింపు కూలి ఆశకు డ్యూటీ ఎక్కితే ఆ వారానికి ఆ ఒక్క దినమూ లేదు.

ఇక ఇల్లు. కంపెనీ క్వార్టరు దొరికినవారికి ఒకటి రెండు గదులు. దొరకనివారికి గుడిసె, లేదా అద్దెగది. ఊరినుంచి వచ్చిన తల్లిదండ్రులు, బదిలీ ఫిల్లరుగా పని దొరుకుతుందేమోనని వచ్చి ఉన్న తమ్ముడు, చదువుకునే పిల్లలు అందులోనే. యైటింక్లైన్ కాలనీలోనైనా మరో కాలనీలోనైనా ఒక క్వార్టరు గోడ పక్క క్వార్టరుకు కూడా గోడే. ఇట్లాంటి ఇంట్లో దాంపత్యం ఎక్కడ జరుగుతుంది, ఎప్పుడు జరుగుతుంది, ఎంత చప్పుడుతో జరుగుతుంది అన్నది కొంటె ప్రశ్న కాదు. పని గంటలను, నివాసాన్ని, కుటుంబ నిర్మాణాన్ని ఒకేచోట చూపించే ప్రశ్న అది. మగతోడు నిద్రపోయే పగటివేళ తలుపు వేస్తే ఇరుగుపొరుగు ఏమంటారో అన్న భయం ఒక స్త్రీ మనసులో ఎట్లా పనిచేస్తుందో చెప్పగలిగిన కథ, షిఫ్టు పద్ధతి గురించి ఏ నివేదికా చెప్పలేనిది చెబుతుంది.

అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితలు సింగరేణి కార్మికుణ్ణి తెలుగు కథలోకి తెచ్చారు. బాయి లోపలి చీకటి, పైకప్పు కూలుడు, మస్టర్ల లెక్క, సమ్మె, నిర్బంధం, సారా, వడ్డీ వ్యాపారి, 1981లో ఏర్పడిన సింగరేణి కార్మిక సమాఖ్య కాలపు ఉద్రేకం ఈ ప్రాంత సాహిత్యంలోకి వచ్చాయి. ఆ కృషి విలువను తగ్గించడం ఈ వాదం ఉద్దేశం కాదు. అయితే అంత సన్నిహితంగా కార్మికుని శరీరాన్ని చూసిన సాహిత్యంలో, ఆ శరీరం ఇల్లు చేరాక మాత్రం కెమెరా తలుపు దగ్గరే ఆగిపోవడం మొత్తంమీద కనిపించే రీతి. తట్టా చెమ్మస్ పట్టిన చేతులు మనకు తెలుసు. ఆ చేతులే రాత్రి ఎక్కడ ఎట్లా ఉన్నాయో తెలియదు.

దీనికి చట్టం తోడైంది. గర్భగనుల్లో స్త్రీల పనిని బ్రిటిష్ ఇండియాలో 1937 నాటికి నిలిపివేశారు. యుద్ధకాలంలో 1943లో సడలించి 1946లో మళ్ళీ నిషేధించారు. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షను ఆ నిషేధాన్ని స్థిరపరిచింది. స్త్రీ బాయిలో దిగకూడదన్నప్పుడు, బాయిని కేంద్రంగా పెట్టుకున్న సాహిత్యంలో ఆమె ఎదురుచూసే మనిషిగా, ఏడ్చే మనిషిగా, ఊరేగింపులో నినదించే మనిషిగా మిగిలింది. పని అంటే బాయిలోపలిదే అనుకున్నంత కాలం ఆమె పని లెక్కకు రాదు. అతడిని మరుసటి షిఫ్టుకు సిద్ధంచేసే శ్రమలో వంట, ఉతుకు ఎంత భాగమో ఆమె శరీరం కూడా అంత భాగం. అందులో ప్రేమ ఎంత, బాధ్యత ఎంత, విసుగు ఎంత, బలవంతం ఎంత అన్నది తలుపు బయట నిలబడిన కథకుడికి తెలిసే అవకాశం లేదు.

మాండలికం ఎక్కడ ఆగిపోతుంది

ఈ తప్పించుకోవడాన్ని వస్తువులో కంటె భాషలో పట్టుకోవడం తేలిక. తెలంగాణ కథ మాండలికాన్ని సంభాషణలోకే కాక కథనంలోకి కూడా తెచ్చుకోవడానికి పెద్ద పోరాటమే చేసింది. అయితే అచ్చమైన కరీంనగర్ పలుకుబడిలో సాగుతున్న కథ భార్యాభర్తల ఏకాంతం దగ్గరికి రాగానే ఉన్నట్టుండి సంస్కృతం మాట్లాడడం అలవాటైన పాఠకుడికి కొత్త కాదు. 'కౌగిలిలో ఒదిగిపోవడం', 'మైమరచిపోవడం', 'తనువులు ఏకం కావడం' వంటి మాటలు ఎవరివి? బాయి దిగివచ్చిన మనిషివి కావు, అతని భార్యవి కావు. వారపత్రికల సీరియల్ నుంచి అరువు తెచ్చుకున్నవి. కథ అక్కడ తన ఊరు విడిచిపెట్టి వెళ్ళిపోతుంది, రెండు వాక్యాల తరువాత తెల్లవారగానే తిరిగి వస్తుంది.

మాటలు లేవా అంటే ఉన్నాయి. 'కాపురం' అన్న ఒక్క మాటను చూస్తే చాలు. ఇల్లు నడపడం, కలిసి ఉండడం, శరీరసంబంధం మూడింటినీ అది ఒకేసారి మోస్తుంది. కులపంచాయితీలోనో, పెద్దమనుషుల ముందరో 'కాపురం జేస్తలేడు' అని ఒక స్త్రీ చెప్పినప్పుడు ఆమె ఏమి చెబుతోందో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. 'దగ్గరికి రానిస్తలేదు' అని మగవాడు చెప్పుకున్నా అంతే. నలుగురిలో, పగటి వెలుతురులో, మామగారి ఎదుట పలకగలిగిన మాటలు ఇవి. గౌరవం చెడకుండా పచ్చి నిజం చెప్పగల నుడికారం వ్యవహారంలో నిలిచి ఉండగా, 'మన భాషలో ఆ సంగతులు రాయడానికి వీలుపడదు' అనే రచయిత తన భాషను సరిగా వినలేదని అర్థం.

రెండవ వైపు బూతు ఉంది. బాయిలో మగవారి మధ్య నడిచే మాటల్లో తిట్టు ఊతపదం వంటిది. ఆ తిట్లు ఎక్కువగా స్త్రీ శరీరం మీదివే. వాస్తవికత కోసం వాటిని కథలోకి రానిస్తారు. మరీ ముదిరిన చోట చుక్కలు పెడతారు. ఏ విమర్శకుడూ ఆ తిట్టు కథకు అవసరమా అని అడగడు, జీవం ఉట్టిపడిందంటాడు. 1965–68 మధ్య దిగంబర కవులు శరీరావయవాల పేర్లను సమాజం మీద విసిరినప్పుడు కూడా గగ్గోలు పుట్టింది కానీ, చివరికి దానికి ఆగ్రహం అన్న గౌరవప్రదమైన పేరు దక్కింది. అంటే శరీరం తిట్టుగా సాహిత్యంలోకి రావచ్చు, ప్రేమగా రాకూడదు. స్త్రీవాద కవయిత్రులు తమ శరీరాన్ని తామే పేరుపెట్టి పిలిచినప్పుడు దానిని 'నీలి కవిత్వం' అని ఎద్దేవా చేసిన విమర్శ ఈ నియమాన్నే కాపాడింది. 1993లో వెలువడిన 'నీలిమేఘాలు' సంకలనం ఆ ఎద్దేవాను దాటి నిలబడింది గానీ, కథ ఆ కవిత్వం వేసిన దారిలో బొగ్గుబాయి దాకా రాలేదు.

ఇక్కడ అలంకారశాస్త్రం గుర్తుచేయవలసిన సంగతి ఒకటుంది. ప్రాచీనులు అశ్లీలాన్ని ఒక్క సిగ్గుకు కట్టిపెట్టలేదు. వ్రీడ, జుగుప్స, అమంగళం అని మూడు విధాలుగా చెప్పారు. రోత పుట్టించేదీ, చావును స్ఫురింపజేసేదీ కూడా వారి దృష్టిలో అశ్లీలమే. బొగ్గుగని కథల్లో బండ కింద నలిగిన దేహాల వర్ణనకు, శవపరీక్షకు, కాలిన చర్మానికి లోటులేదు. శాస్త్రాన్ని యథాతథంగా పాటిస్తే అవి కూడా దోషాలే కావాలి. ఆధునిక విమర్శ జుగుప్సను, అమంగళాన్ని నిశ్శబ్దంగా జాబితానుంచి తీసివేసి వ్రీడను మాత్రం అట్టేపెట్టుకుంది. ఎందుకు తీసింది, ఎందుకు ఉంచింది అన్నది ఎవరూ వివరించలేదు. సంప్రదాయం పేరు చెప్పి లైంగిక సన్నివేశాన్ని ఆక్షేపించేవారు ఆ సంప్రదాయంలో మూడోవంతు మాత్రమే పాటిస్తున్నారు.

గాయానికి ఉన్న ప్రవేశం

అంతకంటె తీవ్రమైన వైరుధ్యం ఒకటుంది. లైంగిక సన్నివేశం తమ సాహిత్యంలో అనవసరమని చెప్పే ప్రగతిశీల కథ, అత్యాచార సన్నివేశాన్ని అనవసరం అనుకోలేదు. దొర గడీలోనో పోలీసు క్యాంపులోనో స్త్రీ మీద జరిగిన దాడి శత్రువు క్రూరత్వానికి రుజువుగా ఉత్తర తెలంగాణ పోరాట సాహిత్యంలో చోటు సంపాదించింది. ఆ దాడులు నిజం. వాటిని రాయడం అవసరం కూడా. ప్రశ్న అది కాదు. శత్రువు చేతిలో చినిగిన బట్టను వర్ణించగలిగిన కలం, అదే స్త్రీ తన ఇష్టంతో విప్పుకున్న బట్ట దగ్గర ఎందుకు వణుకుతుంది? ఆమె శరీరం గాయంగా మాత్రమే పుటలోకి ప్రవేశించగలిగితే, గాయపడకముందు అది ఎవరిదో పాఠకుడికి తెలియదు. పోగొట్టుకున్నదేమిటో తెలియనప్పుడు నేరం బరువు కూడా తెలియదు. అట్లాంటి కథలో అవమానం చివరికి భర్తకో, సంఘానికో, వర్గానికో చెందుతుంది, ఆమెకు చెందదు.

అత్యాచారాన్ని రాయడానికి కూడా సన్నివేశం తప్పనిసరి కాదని ఓల్గా 'అయోని' కథ నిరూపించింది. లైంగిక హింసకు గురైన బాలిక గొంతులో సాగే ఆ కథ, చూసేవాడి కంటికి ఏ దృశ్యమూ అందించకుండానే శరీరంలో జీవించడం ఎంత నరకమో చెబుతుంది. దీనిని బట్టి ఒక తారతమ్యం గ్రహించవచ్చు. హింస విషయంలో మన కథ వివరంగా చూపింది, చూపకుండానే చెప్పే మార్గం ఉన్నా. ఇష్టం విషయంలో చూపలేదు, చూపక తప్పని అవసరం ఉన్నా. పొదుపు, ధారాళం రెండూ తారుమారయ్యాయి.

ధ్వని వాదం

లైంగిక సన్నివేశాన్ని వ్యతిరేకించే వాదాల్లో గట్టిది నీతి వాదం కాదు, ధ్వని వాదం. వాచ్యంగా చెప్పడం కంటె స్ఫురింపజేయడం ఉత్తమం, కాబట్టి సూచన చాలు అని ఇది అంటుంది. ఆనందవర్ధనుడి పేరు చెప్పగానే చర్చ ముగిసిపోయిందనుకోవడం తెలుగుశాఖల్లో సాధారణం. అయితే ఆయన 'ధ్వన్యాలోకం' మూడవ ఉద్యోతంలో కుమారసంభవ ప్రస్తావన తెస్తూ చెప్పినది గమనించాలి. పార్వతీపరమేశ్వరుల సంభోగవర్ణన తల్లిదండ్రుల సంభోగాన్ని వర్ణించినంత అనుచితమని ఆయన అభిప్రాయం. కాళిదాసు ప్రతిభాశక్తి వల్ల ఆ దోషం మరుగునపడిందని కూడా ఒప్పుకున్నాడు. ఆయన అభ్యంతరం సంభోగవర్ణన మీద కాదు, ఆ పాత్రలకు అది తగదన్న ఔచిత్యం మీద. ఉత్తమ దేవతలకు తగనిది అని చెప్పిన మాటను, కోల్ ఫిల్లరుకు తగనిదిగా మార్చి చెప్పడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

ధ్వని పనిచేయాలంటే సహృదయుడికి ముందే ఒక అనుభవవాసన ఉండాలి. చెప్పకుండా వదిలినదానిని అతడు తన ఎరుకతో నింపుకుంటాడు. నైటు షిఫ్టు నుంచి పొద్దున ఏడు దాటాక ఇల్లు చేరిన మనిషి, బడికి వెళ్ళబోయే పిల్లలు, వెనుక గదిలో దగ్గే ముసలితండ్రి, గిన్నెలు తోముతున్న భార్య ఉన్న ఇంటిలోని దాంపత్యం విశ్వవిద్యాలయ పాఠకుడి ఎరుకలో లేదు. 'తలుపు మూసుకుంది' అని వాక్యం ఆపితే అతడు ఏమి నింపుకుంటాడు? తన ఇంటి పడకగదిని నింపుకుంటాడు. అదీ కాకపోతే రెండు పూలు తాకి దీపం ఆరిపోయే పాత సినిమాను నింపుకుంటాడు. అప్పుడు స్ఫురించినది వ్యంగ్యార్థం కాదు, అబద్ధం. తెలిసినదానిని సూచించవచ్చు, తెలియనిదానిని చూపించాలి. లైంగిక సన్నివేశం అవసరమా అన్న ప్రశ్నకు ఈ వ్యాసం ప్రతిపాదించే కొలబద్ద ఇదే: పడక మీద మాత్రమే తెలిసే సంగతి ఒకటి ఆ కథలో ఉందా? ఉంటే తలుపు తీయాలి. లేకుంటే తీయనక్కర్లేదు.

ఈ కొలబద్దకు చాలా రచనలు నిలవవు. వారపత్రికల్లో 'సరసమైన కథలు' పేరుతో అచ్చయ్యే కథలు ఎక్కువ భాగం నిలవవు. వాటిలో పడక మీద జరిగేది పడక బయట ఉన్నవారికి ముందే తెలిసినదే. ధైర్యం పేరుతో ప్రశంసలందుకునే కొన్ని ఇటీవలి రచనలూ ఇంతే. చలం 'మైదానం' (1927) నిలుస్తుంది, కానీ దాని దారి బొగ్గుగనులకు దారి కాదు. రాజేశ్వరి, అమీర్‌ల ప్రేమకు చలం ఊరి బయట, గోడలు లేని, గడియారం లేని ఒక చోటు కల్పించవలసి వచ్చింది. కూలి, అద్దె, షిఫ్టు అక్కడ కామాన్ని ముట్టుకోవు. గోదావరిఖనిలో అట్లాంటి మైదానం లేదు. ఉన్న ఖాళీ జాగాలో బొగ్గు కుప్పలుంటాయి, లేదా ఓపెన్‌కాస్టు తవ్విపోసిన మట్టిగుట్టలుంటాయి. చలాన్ని వారసత్వంగా చెప్పుకునే రచయితలు ఈ తేడాను గుర్తించక, క్వార్టరులో కూడా మైదానమే వెదుకుతారు.

బొగ్గు, కామం: రెండు పాశ్చాత్య ఉదాహరణలు

ప్రపంచసాహిత్యంలో అశ్లీలతకు మారుపేరైన నవల ఒక బొగ్గుగని ప్రాంతపు నవల అన్న సంగతి మన చర్చల్లో దాదాపు వినబడదు. 'లేడీ ఛాటర్లీస్ లవర్' (1928) రాసిన డి.హెచ్. లారెన్సు నాటింగ్‌హాంషైర్‌లోని ఈస్ట్‌వుడ్‌లో ఒక గనికార్మికుని కొడుకు. ఆ నవలలో భర్త క్లిఫర్డ్ గనుల యజమాని. అతని గనిగ్రామపు మసి, ఆ మసి తాకని కొంచెం అడవి, ఆ అడవిలో కాన్‌స్టాన్స్, మెలర్సుల కలయిక: ఈ మూడింటిని విడదీస్తే నవల లేదు. మన సుప్రీంకోర్టు 1964లో రంజిత్ ఉదేశీ కేసులో ఈ పుస్తకాన్ని అశ్లీలమని తేల్చినప్పుడు 1868 నాటి హిక్లిన్ సూత్రాన్ని ప్రమాణంగా తీసుకుంది. యాభై ఏళ్ళ తరువాత 2014లో అవీక్ సర్కార్ కేసులో అదే న్యాయస్థానం ఆ సూత్రాన్ని విడిచిపెట్టింది. న్యాయస్థానం విడిచినదానిని మన సాహిత్యవిమర్శ ఇంకా పట్టుకుని ఉంది. విడి వాక్యాలను ఎత్తిచూపి రచన మొత్తానికి తీర్పు చెప్పడం హిక్లిన్ పద్ధతే.

లారెన్సునే సాక్ష్యంగా తీసుకుని ఎదుటిపక్షం కూడా వాదించవచ్చు, వాదించాలి. 'సన్స్ అండ్ లవర్స్' (1913)లో గని నుంచి వచ్చిన మోరెల్ స్నానం చేస్తూ భార్యను వీపు కడగమంటాడు. ఆ దంపతుల మధ్య మిగిలిన, మిగలని సాన్నిహిత్యమంతా ఆ మసిబట్టిన వీపు మీద ఆమె చేతిలో ఉంది. అక్కడ పడక అవసరం లేదు. శృంగారాన్ని సంభోగంతో సమానం చేయరాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. సింగరేణి ఇళ్ళలో బొగ్గు మసి కడగడం నిత్యకృత్యం. ఆ వీపు మన కథల్లోకి రావలసినంతగా రాలేదన్నది వేరే ఫిర్యాదు.

జోలా 'జెర్మినల్' (1885) మరింత చిక్కైన ఉదాహరణ. కార్మికవాడలో కుటుంబం ఇరుకులో పడుకోవడం, పాడుబడిన గని పరిసరాల్లో యువజంటలు కలుసుకోవడం జోలా దాపరికం లేకుండా రాశాడు. అది ఇరుకుకు, కూలికి సంబంధించిన సమాచారంగా నవలలో పనిచేస్తుంది. అయితే ముగింపులో నీరు నిండిన గనిలో చిక్కుకున్న ఎతియెన్, కాథరీన్‌ల కలయిక, ఆపైన ఆమె మరణం ఉన్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. ఆ ఊరిలో కూర్చుని చదివితే జోలా సన్నివేశం పారిస్‌లో చదివినట్టు ఉండదు. సింగరేణి రచయిత దానిని అనుకరిస్తే అది తప్పు అవుతుంది, అసభ్యం కావడం వల్ల కాదు. కాథరీన్ గనిలో పనిచేసే అమ్మాయి. మన గర్భగనిలోకి స్త్రీని చట్టం చాలాకాలం రానివ్వలేదు. పైగా ఆ మృతుల కుటుంబాలు ఇంకా ఆ సైరన్ వింటూనే ఉన్నాయి. ఔచిత్యం అన్న మాటకు పని పడేది ఇట్లాంటి చోట. సాధారణంగా ఆ మాటను వాడే చోట కాదు.

ఊపిరి

'కార్మికుడి సమస్య కూలి, భద్రత. పడక సంగతి మధ్యతరగతి విలాసం' అనే వాదానికి ఒక ఊహాసన్నివేశంతో జవాబు చెప్పవచ్చు. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోవడం వల్ల వచ్చే న్యూమోకోనియోసిస్ గనికార్మికుల వృత్తివ్యాధి. అది సంవత్సరాల తరబడి మెల్లగా వస్తుంది. బాయిలో అందరూ రొప్పుతారు కాబట్టి అక్కడ ఒకడి రొప్పు ఎవరికీ వినబడదు. ఆసుపత్రి ఎక్స్‌రేలో మచ్చ కనబడేనాటికి ఆలస్యమై ఉంటుంది. ఒక కథలో ఈ మనిషికి ఊపిరి అందడం లేదని మొదట ఎవరు తెలుసుకోవాలి? అతని భార్య. ఎప్పుడు? అతడు తనకు అతి దగ్గరగా ఉన్నప్పుడు, మధ్యలో ఆగిపోయి పక్కకు ఒరిగి, పొద్దంతా పని చేసి అలసిపోయానని అబద్ధం చెప్పినప్పుడు. ఆమె ఆ అబద్ధాన్ని నమ్మినట్టు నటిస్తుంది. బయటపడితే అన్‌ఫిట్ అంటారు. అన్‌ఫిట్ అయితే కొడుక్కు నౌకరీ వస్తుందో రాదో అన్న లెక్క ఆ చీకట్లోనే ఇద్దరి తలల్లోనూ మొదలవుతుంది. మరుసటి రాత్రి నుంచి ఆమె అతడిని దూరంగా ఉంచడానికి సాకులు వెదుకుతుంది. బయటివారికి అది అయిష్టంగా కనిపిస్తుంది. అతనికి కూడా అట్లాగే కనిపిస్తే, కథలోకి అనుమానం వస్తుంది, తాగుడు వస్తుంది, దెబ్బ వస్తుంది.

ఈ కథలో పడకను తీసివేస్తే మిగిలేదేమిటి? తాగి భార్యను కొట్టే కార్మికుడు. ఆ పాత్ర తెలుగు పాఠకుడికి బాగా పరిచయం. ఎందుకు కొట్టాడన్నది పరిచయం లేదు. వృత్తివ్యాధి, కంపెనీ వైద్యపరీక్ష, వారసత్వ ఉద్యోగం, స్త్రీ తన భర్త ఆయువు కోసం తన కోరికను చంపుకోవడం ఒక్క సన్నివేశంలో ముడిపడి ఉన్నప్పుడు, దానిని విలాసం అనేవారు వర్గవిశ్లేషణను పైపైన చేస్తున్నారు. ఆ సన్నివేశానికి అవయవ వర్ణన అక్కర్లేదు. ఊపిరి చప్పుడు, ఆగిన చేయి, గోడ అవతలి దగ్గు చాలు. కానీ కథకుడు గదిలో ఉండాలి, ఆమె పక్కన ఉండాలి, ఆమెకు తెలిసినంత తెలుసుకోవాలి.

పాఠకులు ఏమంటారో అన్న భయం చివరిగా వినబడేది. తమిళనాట పెరుమాళ్ మురుగన్ 'మాదొరుబాగన్' నవల మీద రేగిన గొడవ దీనికి ఉదాహరణగా చూపుతారు. సంతానం లేని దంపతులు, తిరుచెంగోడు ఉత్సవపు రాత్రి ఆ నవలకు ఇరుసు. ఆ రాత్రిని తీసివేస్తే నవల లేదు. 2016లో మద్రాసు హైకోర్టు రచయిత పక్షాన తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పుకు ముందు రచయిత రచనే మానుకుంటున్నట్టు ప్రకటించవలసి వచ్చిందని మరవరాదు. భయం నిరాధారం కాదు. కాని భయం వల్ల రాయకపోవడం వేరు, రాయకపోవడాన్ని సాహిత్యసూత్రంగా ప్రకటించడం వేరు. మొదటిదానిని అర్థం చేసుకోవచ్చు. రెండవదానిని ఒప్పుకుంటే పరిశోధకులు కూడా ఆ నిశ్శబ్దాన్నే గుణంగా లెక్కవేసి సిద్ధాంతవ్యాసాలు రాస్తూ పోతారు. ఇప్పుడు జరుగుతున్నది చాలావరకు అదే.

2019లో కేంద్రప్రభుత్వం గనుల్లో స్త్రీల పనిమీద ఉన్న నిషేధాన్ని సడలించింది. ఉపరితల గనుల్లో రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు వరకు వారి లిఖితపూర్వక అంగీకారంతో పని ఇవ్వడానికి అప్పుడు వీలు కల్పించింది. గర్భగనుల్లో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనులకు పగటివేళ అనుమతి ఇచ్చింది. అంటే భార్య నైటు షిఫ్టు డ్యూటీకి వెళ్ళి, భర్త క్వార్టరులో పిల్లలతో పడుకుని, పొద్దున ఆమె మసితో ఇల్లు చేరే సంసారం చట్టరీత్యా ఇక సాధ్యమే. అప్పుడు ఎవరి అలసట ఎవరికి సాకు అవుతుంది, ఎవరు ఎవరిని దగ్గరికి రానివ్వరు, పగలు వేసిన తలుపును చూసి ఇరుగుపొరుగు ఎవరిని తప్పుపడతారు? ఈ సంగతులు రాయబోయే రచయిత్రి ఇంకా బడిలో ఉండవచ్చు, లేదా ఇప్పటికే మస్టరు వేసుకుని ఉండవచ్చు. ఆమె కథ పరిశీలనకు వచ్చిననాడు పరీక్షకుల బల్లమీద ఏ కొలబద్ద ఉంటుందన్నది మాత్రం తెలుగుశాఖలు నిర్ణయించవలసిన విషయం.